కొద్దిమంది కోసం కట్టిన కీర్తనలు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి అనే పేరు మాటిమాటికీ కనబడుతుంది. కీబోర్డు, డ్రమ్ములతో ఆరాధించే మన బేగంపేట సంఘాలలో ఆ పేరు చదివేవారు తక్కువ. పైన అచ్చువేసిన రాగం, తాళం చూసేవారు మరీ తక్కువ.

ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ రోజుల్లో అది కులాన్నీ బంధువులనూ వదులుకోవడమే. భార్య రాధామణి మొదట ఆయన వెంట రాలేదు. తరువాత ఆమె కూడా ప్రభువును నమ్ముకున్నారు.

అంతటి పాండిత్యానికి ఏ జమీందారు కొలువైనా దొరికేదేమో. దొరికిన శ్రోతలు మాత్రం అక్కడక్కడా అప్పుడే మొలిచిన చిన్న సంఘాలు, అందులో చదువు రానివారు కూడా. ఇంగ్లీషు ట్యూనుకు తెలుగు మాట అతికిస్తే దీర్ఘం కుదించుకుపోతుంది, హ్రస్వం సాగిపోతుంది. పాడేవాడికి అర్థం చేజారుతుంది. చౌదరిగారు మన రాగతాళాల్లోనే కట్టారు. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది గనుక నాలుగుసార్లు పాడితే నోటికి వచ్చేస్తుంది, పుస్తకం అక్కరలేదు. ఈ సంగతి పండితులకన్నా ముందు పనిపాటల్లో పాడుకునే తల్లులే గ్రహించారని మా నమ్మకం.

1890లో ఆయన కన్నుమూశారు. వందకు పైగా కీర్తనలు మిగిలాయి. బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐ వారు సిద్ధాంతాల దగ్గర ఎంత వాదించుకున్నా, పాట దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకమే తెరుస్తారు. చూపు మందగించిన మన పెద్దలైతే తెరవరు కూడా. పల్లవి ఎవరో ఎత్తుకుంటే చాలు, చరణాలన్నీ వరుసగా అందుకుంటారు.