దుర్గాబాయమ్మ గారి రెండేళ్ల చదువు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. కొంచెం పెద్దయ్యాక ఆ కాపురం వద్దని ఆవిడే చెప్పేశారు. ఆ రోజుల్లో అలా చెప్పాలంటే ఎంత గుండె ఉండాలో! ఇంగ్లీషు బడి మానేసి హిందీ నేర్చుకుని, తాను చిన్నపిల్లగా ఉండగానే ఆడపిల్లలకి హిందీ బడి పెట్టారు. 1923లో కాకినాడ సభలప్పుడు టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని గుమ్మం దగ్గర ఆపేసిన కథ మీకందరికీ తెలుసు, అందుకని అది రాయను.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మూడుసార్లు జైలుకి వెళ్లారు. బయటికి వచ్చాక బెనారస్ మెట్రిక్ పరీక్షకి ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తరవాత బి.ఏ., 1942లో లా. అంటే మధ్యలో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలెట్టిన మనిషి. మద్రాసులో చుట్టుపక్కల ఆడపిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పేవారు. అదే పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. ఆ సభ ఆసుపత్రి పెట్టి నర్సు పని కూడా నేర్పింది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. బోర్డు పల్లెల్లో కేంద్రాలు తెరిచింది. గ్రామసేవిక ఉండాలి, పురుళ్లు పోసే మనిషి ఉండాలి. మరి మనుషులేరీ? శిక్షణలో చేరాలంటే చదువుండాలి. పల్లె ఆడవాళ్లకి చదువు లేదు. చదువుకున్న పట్నం అమ్మాయిలు పల్లెలో ఉండరు. ఇక్కడే నాకు ఆవిడ బుర్ర నచ్చింది. 1958లో బోర్డు తరపున కుదించిన చదువు మొదలెట్టారు. బడి మానేసిన పెద్ద ఆడవాళ్లకి రెండేళ్లలో మెట్రిక్ దాకా చెప్పడం. ఆ తరవాత నర్సు, మంత్రసాని, గ్రామసేవిక, టీచరు, ఏ శిక్షణకైనా వెళ్లొచ్చు.

ఇది ఎంత అవసరమో కొండ మీద వాళ్లకి తెలుసు. మాది నర్సీపట్నం పైన కొండల్లో ఊరు. 2005 నుంచి 108 బండి ఉంది గాని అది రోడ్డున్నంత వరకే వస్తుంది. అక్కడిదాకా డోలీయే. మా పిన్నికి డోలీలోనే కాన్పయింది. మా అమ్మమ్మే పట్టింది. అలాంటప్పుడు డాక్టరు కాదు, పక్కనున్న మనిషే దిక్కు. ఆ మనిషికి తెలియాల్సినవి మా హాస్టల్‌కి వచ్చే నర్సమ్మని అడిగాను. బొడ్డు కోసే బ్లేడు కొత్తదై ఉండాలి, దారం ఉడకబెట్టాలి, బొడ్డుకి పేడ, పసుపు రాయకూడదు. బిడ్డని తుడిచి వెచ్చగా తల్లి గుండెల మీద పెట్టాలి. నెత్తురు ఆగకపోతే ఇంక చూడకుండా బయలుదేరిపోవాలి. ఇవి నేర్చుకోవచ్చు కదా! మా అమ్మమ్మకి ఎవరూ నేర్పలేదు.

దుర్గాబాయమ్మ గారికి 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న చనిపోయారు.

మా అప్ప ఏడో తరగతిలో మానేసింది. ఇప్పుడు ఇరవై ఏళ్లు. పురుడు ఉన్న ఇంటికి అమ్మమ్మ వెంట తనే వెళ్తుంది, భయపడదు. ఓపెన్ స్కూల్లో పది కట్టొచ్చని మా టీచరు గారు చెప్పారు. నర్సు శిక్షణకి ఇంటర్ కూడా కావాలట. మొత్తం ఎన్నేళ్లవుతుందో లెక్క కట్టి ఉత్తరం రాశాను. జవాబు ఇంకా రాలేదు.