భాగ్యరెడ్డి వర్మ: వాడలో బడి పెట్టినవాడు



ఈ పుటలలో మనము తరచుగా మిషనరీల జీవితములను చదువుకొనుచుందుము. ఈ మాసము మన సంఘములకు వెలుపలివాడైన యొక మనుష్యుని గూర్చి వ్రాయుచున్నాను. ఆయన బాప్తిస్మము పొందినవాడు కాడు. అయినను మనలో అనేకుల తాతలు పుట్టినట్టి వాడలోనే ఆయనయు పుట్టెను. మన నాయనమ్మల అక్కచెల్లెండ్రను మ్రింగిన యొక కీడుతో ఆయన చిరకాలము పోరాడెను.

ఆయన నాకు ఎట్లు జ్ఞాపకము వచ్చెనో ముందు చెప్పెదను. మా పాస్టరేటులోని పిల్లల హాస్టలు కాగితముల నిమిత్తము సంఘపెద్ద ఒకరితో హైదరాబాదు వెళ్లి, ఎస్.ఆర్. నగర్‌లో ఒక విశ్వాసి యింట బస చేసితిమి. 2015 నాటి బాల న్యాయ చట్టము ప్రకారము, దిక్కులేని పిల్లలను ఉంచుకొను ప్రతి గృహమును, ఎవరి పేర నడుపబడినను, రిజిస్టరు చేయవలెను. దేవుని పనిలో సర్కారువారి తనిఖీ యేమిటని మా పెద్ద దారి పొడుగునను సణుగుచుండెను. నిజము చెప్పవలెనంటే నా తలంపును అదియే. ఆ సాయంకాలము మధురానగర్ వైపు నడచి, సర్కారువారు అనాథ శిశువులను పెంచు శిశువిహార్ మీదుగా పోవుచుండగా భాగ్యరెడ్డి వర్మ మనసులో మెదలెను.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో, మాదరి వెంకయ్య, రంగమాంబ అను మాల దంపతులకు పుట్టెను. పెట్టిన పేరు భాగయ్య. రెడ్డి యనగా ఏలువాడని, ఈ నేలను మొదట ఏలినవారు మీరేయని చెప్పి వారి కులగురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెను. వర్మ యను బిరుదును ఆర్యసమాజమువారు తరువాత ఇచ్చిరి. చిన్నతనమున ఇల్లు విడిచి, డోస్ శాంటోస్ అను బారిస్టరు ఇంట పనికి కుదిరెను. ఆ బారిస్టరు కుర్రవానిచేత చాకిరి మాత్రమే చేయించుకొనక చదువును నేర్పించెను. మన గ్రామములలో పనిపిల్లలను ఉంచుకొన్న విశ్వాసులు ఈ మాటను కొంచెము ఆగి చదువవలెను.

1906లో, పదునెనిమిది యేండ్లకే, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించెను. అక్షరములు రాని వాడవారికి కరపత్రములు పంచి ప్రయోజనమేమి? హరికథలు, భజనలు ఏర్పాటు చేసి, జనులు కూడిన తరువాత తాగుడును గూర్చి, బాల్యవివాహములను గూర్చి, మ్రొక్కుబడులను గూర్చి మాటలాడించెను. 1911లో ఆ మండలి మాన్య సంఘమాయెను.

మ్రొక్కుబడి యనగా నేమో పట్టణపు పాఠకులకు తెలియకపోవచ్చును. బిడ్డకు జబ్బు చేసెను, లేక మగసంతానము కలుగలేదు, లేక ఊరికి వానలు లేవు. అప్పుడు తలిదండ్రులు తమ ఆడుబిడ్డను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చెదమని మ్రొక్కుదురు. అయిదారేండ్ల పసిదానికి పసుపు పూసి, అమ్మవారి పేర తాళి కట్టెదరు. అది మొదలుకొని దానిని ఎవడును పెండ్లాడరాదు. ఈడేరిన తరువాత ఊరి పెద్దరికము గల మగవారెల్లరు దానిమీద హక్కు చెప్పుదురు. జాతరలలోను శవముల ముందరను అది ఆడవలెను. దానికి పుట్టిన బిడ్డలకు తండ్రి పేరుండదు. తెలంగాణములో జోగిని యనిరి, బళ్లారి, అనంతపురము వైపు బసివి యనిరి, చిత్తూరు వైపు మాతమ్మ యనిరి. మ్రొక్కినది తలిదండ్రులు, చెల్లించినది బిడ్డ. ఊరికి వెలుపలనున్న వాడలో జరుగుచుండెను గనుక ఏ అధికారియు అడుగడాయెను. అది వారి మతాచారమని దొరలు తప్పుకొనిరి.

న్యాయాధిపతుల గ్రంథములో యెఫ్తా కుమార్తె కథ మీకు తెలియును. తండ్రి నోరు జారి మ్రొక్కెను, తంబురలతో ఎదురువచ్చిన బిడ్డ ఆ మ్రొక్కుబడికి బలియాయెను. ఆమె చెలికత్తెలు ఏడ్చిరిగాని, మిస్పాలోని పెద్దలలో ఒక్కడైనను అడ్డుపడినట్లు అక్కడ వ్రాయబడలేదు. హన్నా మాట వేరు. ఆమె సమూయేలును షిలోహులో విడిచినను, ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వెళ్లి వానిని చూచుచుండెను. ఆ మందిరములోనే ఏలీ కుమారులు ఎట్టి పనులు చేసిరో జ్ఞాపకము చేసికొనుడి. పరిశుద్ధ స్థలమైనంత మాత్రమున అక్కడి పిల్లలు క్షేమముగా నుందురని బైబిలు ఎన్నడును చెప్పలేదు.

భాగ్యరెడ్డి వర్మ పెద్దలను కూర్చోబెట్టి, ఇది మన ఆచారముగనుక మన పరువు అని మీరు తలంచుచున్నారు, ఇదియే మన సిగ్గు అని చెప్పెను. స్వజనులే ఆయనమీద కోపించిరి. ఆయన అంతటితో ఆగక, బిడ్డను అమ్మవారి గుడి నుండి తప్పింపవలెనంటే దానిని కూర్చోబెట్టుటకు మరియొక చోటు కావలెనని గ్రహించెను. 1910లో ఇసామియా బజారులోను లింగంపల్లిలోను బడులు తెరచెను. నైజాము రాజ్యములో సర్కారు బడులు ఉర్దూలో నడచుచుండగా, ఈ బడులలో తెలుగే చెప్పిరి. కాలక్రమమున అవి ఇరువది అయిదు వరకు పెరిగెను, రెండు వేలకు పైగా పిల్లలు చదివిరి. జీతములకు చందాలు ఎత్తుట యెంత కష్టమో కానుకల పెట్టె మోసిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

సర్కారు చూపు ఎల్లప్పుడు మేలే చేయుననియు నేను చెప్పను. 1920లలో, అనుమతి లేనిదే ప్రైవేటు బడి పెట్టరాదని నైజాము విద్యాశాఖ నియమము చేసెను. అది పిల్లల క్షేమము కొరకైన తనిఖీ కాదు, తెలుగువారు తమ భాషలో చదువుకొనుటకు వేసిన అడ్డుకట్ట. దానిని ఎత్తివేయవలెనని ఆంధ్ర మహాసభ పట్టుబట్టెను. ఆ రాజ్యములోనే, ఆ నియమముల నడుమనే, వర్మ తన బడులకు సర్కారు గుర్తింపును సహాయమును అడిగెను. 1930లలో ప్రభుత్వమే వాటిని తన చేతిలోనికి తీసికొనెను. పాతికేండ్లు చెమటోడ్చి కట్టినది చేజారిన దుఃఖము ఆయనకు కలిగియుండవచ్చును. కాని ఆ పంతుళ్ల జీతములకు అప్పటినుండి చందాల పెట్టె అక్కరలేకపోయెను.

ఇచ్చట మా హాస్టలు మాట యొకటి. తనిఖీకి వచ్చిన అధికారిణి పిల్లలను ఒక్కొక్కరిని వేరుగా పిలిచి మాటలాడెను. రాత్రివేళ మరుగుదొడ్డి దగ్గర దీపము లేదని, భయముచేత సాయంకాలము మొదలుకొని నీళ్లు త్రాగుట మానుకొన్నానని ఒక చిన్నది ఆమెతో చెప్పెను. ఆ బిడ్డతో మేము మూడేండ్లుగా ప్రతి సాయంకాలము ప్రార్థన చేయుచుంటిమి. మాతో ఎన్నడును చెప్పలేదు. మా పెద్ద ఆ దినము సణుగలేదు.

వర్మ చేసిన తక్కిన పనులు క్లుప్తముగా చెప్పెదను. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, పంచములను పేరు మాని ఆది ఆంధ్రులని చెప్పుకొనవలెనని నిర్ణయము చేయించెను. ఆ సభకు వచ్చినవారు ఎక్కడ ప్రవేశింతురోయని ఆ దినములలో కనకదుర్గ గుడి తలుపులు మూసిరి. 1931 జనాభా లెక్కలలో నైజాము రాజ్యపు దళితులను ఆది హిందువులుగా వ్రాయించెను. భాగ్యనగర్ అను పత్రికను నడిపెను. జంతుబలులు కూడదనెను, బుద్ధుని జయంతిని జరిపించెను.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూసెను, ఏబది యొకటవ యేడు ఇంకను నిండలేదు. దేవదాసీ సమర్పణను నిషేధించు చట్టము మద్రాసు రాజధానిలో 1947లో వచ్చెను. జోగిని, బసివి, మాతమ్మ అను పేర్లన్నిటిని చేర్చి రాష్ట్రమంతటికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసినది 1988లో, అనగా ఆయన పుట్టిన నూరవ యేట. ఆ తరువాతను కొన్ని వాడలలో పసిబిడ్డల మెడలో ఆ తాళి పడుచునే వచ్చెను.