కొండనెక్కిన ఆవిరి బండి - రిచర్డ్ ట్రెవిథిక్

బరువైన సామానుతో నిండిన వాహనం ఎత్తైన కొండదారిని ఎక్కుతున్నప్పుడు దాని యంత్రం పడే ప్రయాస మనందరికీ తెలిసినదే. సమతలంపై సునాయాసంగా పరుగెత్తిన బండే ఏటవాలు రాగానే వేగం కోల్పోతుంది. వెనుక మరొక బండిని కూడా లాగవలసి వస్తే ఆ ప్రయాస మరింత పెరుగుతుంది. యంత్రం పరిమాణాన్ని పెంచితే శక్తి పెరిగే మాట నిజమే కాని, దానితోపాటు బరువు కూడా పెరుగుతుంది. పెరిగిన శక్తిలో చాలా భాగం ఆ బరువును మోయడానికే వ్యయమవుతుంది. మరి యంత్రాన్ని పెద్దది చేయకుండానే దాని బలాన్ని పెంచడం ఎలా? ఈ ప్రశ్నకు రెండు వందల సంవత్సరాలకు పూర్వమే సమాధానం కనుగొని, తన బండిని కొండ ఎక్కించి చూపిన ఘనుడు రిచర్డ్ ట్రెవిథిక్. లోకం ఆయన కృషి ఫలితాన్ని అనుభవించింది కాని, జీవించి ఉన్నంతకాలం ఆయనను ఆదరించలేదు.

ట్రెవిథిక్ 1771 ఏప్రిల్ 13న ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో, కాంబోర్న్ పట్టణ సమీపంలోని ఒక గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం రాగి, తగరం గనులకు ప్రసిద్ధి. తండ్రి గని పర్యవేక్షకుడు. ఆరుగురు సంతానంలో ఆయన ఒక్కడే మగపిల్లవాడు. బడి చదువుపై ఆయనకు శ్రద్ధ అంతంతమాత్రమే. తరచు బడి ఎగ్గొట్టే ఆ బాలుణ్ణి ఉపాధ్యాయుడు మొండివాడిగా, మందబుద్ధిగా జమకట్టాడు. అయితే లెక్కల విషయంలో మాత్రం ఆయన తనకు తోచిన పద్ధతిలో చేసి సరైన సమాధానం రాబట్టేవాడు. యౌవనంలో 6 అడుగుల 2 అంగుళాల ఎత్తు, అసాధారణమైన దేహబలం గల మల్లునిగా పేరు పొందాడు. కార్న్‌వాల్ ప్రజలు ఆయనను తమ ప్రాంతపు మహాకాయునిగా చెప్పుకొనేవారు. 19వ ఏట గనిలో ఉద్యోగంలో చేరాడు. 1797లో హేల్ పట్టణంలోని ఇనుప పోత కర్మాగార యజమాని కుమార్తె జేన్ హార్వేను వివాహమాడాడు.

గని లోతు పెరిగేకొద్దీ అడుగున నీరు ఊరుతుంది. ఆ నీటిని తోడడానికి ఆ రోజులలో జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరి యంత్రాలను వాడేవారు. కార్న్‌వాల్‌లో బొగ్గు లభించదు. సముద్రం దాటించి వేల్స్ నుండి తెప్పించుకోవాలి. వాట్ యంత్రం పాత యంత్రాలకంటే తక్కువ బొగ్గుతో పనిచేసేది. అయితే ఆ ఆదాలో మూడవ వంతు విలువను గని యజమానులు వాట్ సంస్థకు చెల్లించవలసి వచ్చేది. ఈ భారాన్ని తప్పించుకొనే మార్గం కోసం కార్న్‌వాల్ ఇంజనీర్లందరూ అన్వేషిస్తున్న కాలమది. 1800లో వాట్ పేటెంట్ గడువు ముగియడంతో వారికి దారి తెరుచుకుంది.

వాట్ యంత్రంలో ఆవిరి పీడనం వాతావరణ పీడనం కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. పని ముగించిన ఆవిరిని వేరొక పాత్రలోకి పంపి, చన్నీటితో చల్లబరచి, శూన్యాన్ని కల్పించేవారు. పిస్టన్‌కు ఒకవైపు ఉన్న పీడనానికీ, మరొకవైపు ఉన్న శూన్యానికీ గల తేడాయే యంత్రాన్ని నడిపేది. ఆ తేడా స్వల్పం కనుక, ఎక్కువ బలం కావాలంటే సిలిండర్‌ను పెద్దది చేయడం తప్ప వేరు దారి లేదు. అందుచేత ఆ యంత్రం ఒక ఇంటిని ఆక్రమించేంతగా పెరిగింది. చల్లార్చే పాత్ర, గాలిని తోడే పంపు, నిరంతరం చన్నీరు అవసరమైన ఆ యంత్రాన్ని చక్రాలపై నిలపడం ఊహకందని విషయం.

ట్రెవిథిక్ ఆలోచన వేరొక దిశలో సాగింది. సిలిండర్‌ను పెంచడానికి బదులు ఆవిరి పీడనాన్నే కొన్ని రెట్లు పెంచితే ఏమవుతుంది? పని ముగించిన ఆవిరిని చల్లార్చకుండా నేరుగా గాలిలోకి వదిలివేస్తే ఎంత శక్తి వృథా అవుతుంది? ఈ సందేహాన్ని ఆయన తన మిత్రుడైన శాస్త్రజ్ఞుడు డేవిస్ గిడ్డీ ముందుంచాడు. ఆవిరి పీడనం ఎంత ఉన్నా, పోయేది ఒక్క వాతావరణ పీడనమంత మాత్రమేనని గిడ్డీ వివరించాడు. ఆ సమాధానం ట్రెవిథిక్‌కు అమితానందం కలిగించింది. చల్లార్చే పాత్ర అక్కరలేదు, పంపు అక్కరలేదు. చిన్న యంత్రంతోనే పెద్ద బలం సాధించవచ్చు. అయితే అధిక పీడనం ప్రాణాంతకమని వాట్ గట్టిగా వ్యతిరేకించాడు. ఆ భయం నిరాధారమైనది కాదని కాలం తరువాత నిరూపించింది.

1801 డిసెంబరు 24న, క్రిస్మస్ పండుగకు ముందు రోజు సాయంకాలం, కాంబోర్న్ వీధులలో ఒక వింత బండి కదిలింది. గుర్రాలు లేవు. పొగగొట్టం నుండి బుసలు కొడుతూ ఆవిరి వెలువడుతున్నది. దానిపై కొందరు మనుషులు ఎక్కి కూర్చున్నారు. ఆ బండి ఎదుట ఉన్నది సమతలం కాదు, కాంబోర్న్ కొండ. చూపరులు ఆశ్చర్యపోతుండగా అది ఆ ఏటవాలును ఎక్కింది. కొద్ది రోజుల తరువాత జరిగిన ప్రయాణంలో బండి మార్గమధ్యంలో చెడిపోయింది. దానిని ఒక కప్పు కిందికి చేర్చి, వెంట ఉన్నవారు సమీపంలోని పూటకూటి ఇంట విందుకు కూర్చున్నారు. కొలిమిలోని నిప్పును ఆర్పడం ఎవరికీ గుర్తు రాలేదు. నీరంతా ఆవిరై, యంత్రం ఎర్రగా కాలి, బండి దగ్ధమైపోయింది. ఘనవిజయం వెంటనే అజాగ్రత్త వల్ల నష్టం కలగడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి. చివరిసారి మాత్రం కాదు.

1802లో బంధువైన ఆండ్రూ వివియన్‌తో కలిసి ట్రెవిథిక్ అధిక పీడన యంత్రానికి పేటెంట్ పొందాడు. 1803లో మరొక ఆవిరి బండిని నిర్మించి లండను వీధులలో నడిపాడు. అయితే గుర్రపు బండికంటే దాని ఖర్చు అధికం కావడంతో కొనేవారు ముందుకు రాలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో గ్రీనిచ్ వద్ద పంపు నడుపుతున్న ఆయన యంత్రపు బాయిలర్ పేలి నలుగురు మరణించారు. యంత్రాన్ని చూసుకోవలసిన వ్యక్తి దానిని విడిచి వెళ్ళడమే కారణమని తేలింది. అయినా ట్రెవిథిక్ నిందను ఇతరులపై మోపి ఊరుకోలేదు. మనిషి ఏమరినా ప్రమాదం జరగకూడదని నిశ్చయించుకున్నాడు. ఒకటికి రెండు రక్షణ కవాటాలను అమర్చాడు. బాయిలర్‌లో నీరు తగ్గి వేడి మితిమీరితే కరిగిపోయి ఆవిరిని బయటకు వదిలే సీసపు బిరడాను కూడా ఏర్పాటు చేశాడు. బలాన్ని పెంచేవాడే ఆ బలాన్ని అదుపు చేసే బాధ్యతను కూడా స్వీకరించాలని ఆయన గ్రహించాడు.

కొండ ఎక్కడం తరువాత మిగిలిన పరీక్ష బరువు లాగడం. వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగార యజమాని శామ్యూల్ హామ్‌ఫ్రే ట్రెవిథిక్‌పై నమ్మకముంచి, మరొక కర్మాగార యజమానితో 500 గినీల పందెం కాశాడు. ఆవిరి యంత్రం 10 టన్నుల ఇనుమును పట్టాలపై సుమారు 16 కిలోమీటర్ల దూరం లాగగలదా అన్నదే ఆ పందెం. 1804 ఫిబ్రవరి 21న ట్రెవిథిక్ యంత్రం 5 పెట్టెలలో 10 టన్నుల ఇనుమునూ, వాటిపై ఎక్కిన 70 మంది మనుషులనూ లాగుతూ బయలుదేరింది. దారికి అడ్డుగా ఉన్న చెట్లనూ రాళ్ళనూ తొలగించుకుంటూ 4 గంటల 5 నిమిషాలలో గమ్యం చేరింది. పట్టాలపై బరువును లాగిన తొలి రైలు ఇంజనుగా అది చరిత్రకెక్కింది.

ఆ యంత్రంలోని సిలిండర్ వ్యాసం 8 అంగుళాలకు కొంచెం ఎక్కువ. అంత చిన్న సిలిండర్‌తో అంత బరువును లాగడంలో రెండు రహస్యాలున్నాయి. ఒకటి అధిక పీడనం. రెండవది, పని ముగించిన ఆవిరిని వ్యర్థంగా వదలక పొగగొట్టంలోకి మళ్ళించడం. వేగంగా పైకెగసే ఆవిరి తనతోపాటు పొగను లాగుకొనిపోతుంది. ఆ ఖాళీని నింపడానికి కొలిమిలోకి గాలి బలంగా ప్రవేశిస్తుంది. నిప్పు మరింత ప్రజ్వరిల్లుతుంది. బండి ఎంత శ్రమిస్తే కొలిమి అంతగా మండి, అంతగా ఆవిరిని అందిస్తుంది. నున్నని పట్టాలపై నున్నని చక్రాలు జారిపోతాయన్న అపోహను కూడా ఆ ప్రయాణం తొలగించింది. ఇనుముకూ ఇనుముకూ మధ్య గల ఘర్షణయే బరువు లాగడానికి సరిపోతుందని రుజువైంది.

ఇంతటి విజయాన్ని ఓడించినది యంత్రం కాదు, దాని కిందనున్న దారి. గుర్రపు బండ్లకోసం వేసిన ఆ పోత ఇనుప పట్టాలు సుమారు 5 టన్నుల బరువున్న ఇంజనును భరించలేక విరిగిపోసాగాయి. కొద్ది ప్రయాణాల తరువాత కర్మాగారం తిరిగి గుర్రాలనే ఆశ్రయించింది. 1808లో ట్రెవిథిక్ లండనులో వలయాకారపు పట్టాలు వేసి, ఒక షిల్లింగు రుసుముతో ప్రజలను రైలెక్కించాడు. అక్కడ కూడా పట్టాలు విరగడంతో ప్రదర్శన నిలిచిపోయింది. తరువాత ఆయన వ్యాధిగ్రస్తుడయ్యాడు. 1811లో దివాలా తీశాడు. అయినా కుంగిపోక, 1812 నాటికి అధిక పీడన సూత్రంతో గనుల కోసం కొత్త యంత్రాన్ని రూపొందించాడు. కార్న్‌వాల్ ఇంజను పేరుతో అది తక్కువ బొగ్గుతో ఎక్కువ నీరు తోడి ఆ ప్రాంతపు గనులకు ప్రాణం పోసింది.

ఆ కాలంలోనే దక్షిణ అమెరికా నుండి ఆయనకు పిలుపు వచ్చింది. పెరూ దేశంలోని సెర్రో డి పాస్కో వెండి గనులు సముద్రమట్టానికి 4,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. అవి నీట మునిగి మూలపడ్డాయి. అంత ఎత్తున గాలి పలుచన. వాతావరణ పీడనంపై ఆధారపడే వాట్ యంత్రం అక్కడ బలహీనమవుతుంది. పైగా దాని భారీ భాగాలను కంచరగాడిదలపై ఆండీస్ కొండలెక్కించడం అసాధ్యం. ఫ్రాన్సిస్కో ఊవిల్ అనే వ్యాపారి లండనులోని ఒక దుకాణంలో ట్రెవిథిక్ యంత్రపు నమూనాను చూసి కొనుక్కొనిపోయాడు. అది ఆ కొండలపై చక్కగా పనిచేసింది. ఆ ఆనందంతో ఊవిల్ తిరిగి వచ్చి ట్రెవిథిక్ యంత్రాలను పెరూకు తరలించాడు. 1816లో ట్రెవిథిక్ స్వయంగా బయలుదేరి వెళ్ళాడు. అయితే అక్కడ స్వాతంత్ర్య యుద్ధం చెలరేగి గనులు ధ్వంసమయ్యాయి. ఆయన ఆస్తి సర్వం కోల్పోయి, మధ్య అమెరికాలోని కోస్టారికా అడవులు దాటి, నదులలో మృత్యుముఖం వరకు వెళ్ళి బయటపడ్డాడు. 1827లో కార్టజీనా రేవులో నిరుపేదగా ఉన్న ఆయనకు యువ ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఎదురుపడి, స్వదేశం చేరడానికి 50 పౌండ్లు ఇచ్చాడు. రైలు నిర్మాణంలో విశ్వవిఖ్యాతి పొందిన జార్జ్ స్టీఫెన్‌సన్ కుమారుడే ఈ రాబర్ట్. విధి విలాసం ఎంత విచిత్రమైనది!

భర్త దూరంగా ఉన్న పదకొండేళ్ళూ జేన్ పుట్టింటివారి ఆసరాతో పిల్లలను పెంచి పెద్దచేసింది. తిరిగివచ్చిన ట్రెవిథిక్ తన ఆవిష్కరణలకు ప్రతిఫలం కోరుతూ పార్లమెంటుకు విన్నవించుకున్నాడు. అది తిరస్కరించబడింది. ఈ లోపల చేత ఇనుముతో దృఢమైన పట్టాలు తయారయ్యాయి. 1829లో స్టీఫెన్‌సన్‌ల ‘రాకెట్’ ఇంజను పోటీలో గెలిచి జగత్ప్రసిద్ధమైంది. దానిలోనూ అధిక పీడన ఆవిరీ, పొగగొట్టంలోకి మళ్ళించిన ఆవిరీ ఉన్నాయి. దారి సిద్ధమయ్యేసరికి తొలి బాటసారి అలసిపోయాడు. డార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఒక కర్మాగారంలో ప్రయోగాలు చేస్తూ 1833 ఏప్రిల్ 22న ట్రెవిథిక్ కన్నుమూశాడు. అంత్యక్రియలకు సైతం ధనం లేదు. తోటి కార్మికులు చందాలు పోగుచేసి, శవపేటికను తామే మోసి సాగనంపారు. ఆయన సమాధిపై పేరు చెక్కిన రాయి కూడా వెలవలేదు.

నేడు బరువుతో కొండదారులనెక్కే డీజిల్ వాహనాలలో టర్బో అనే పరికరం ఉంటుంది. పని ముగించి బయటకు పోయే వాయువులతో ఒక చక్రం తిరిగి, సిలిండర్‌లోకి అధికంగా గాలిని నెట్టుతుంది. అందుచేత యంత్రం పెద్దది కాకుండానే బలపడుతుంది. పరికరం వేరైనా, వదిలివేసే దానితో పని చేయించుకొని గాలిని అధికంగా అందించాలన్న ఆలోచన ట్రెవిథిక్ పొగగొట్టంలో ఆనాడే కనిపిస్తుంది. కాంబోర్న్‌లో 1932లో ప్రతిష్ఠించిన ఆయన విగ్రహం చేతిలో యంత్రపు నమూనాతో కొండదారి వైపు చూస్తూ నిలిచి ఉంది. శక్తిని పెంచడం ఎంత ముఖ్యమో, దానిని అదుపులో ఉంచే కవాటమూ, దానిని మోయగల దారీ అంతే ముఖ్యమని ఆ మహనీయుని జీవితం మనకు బోధిస్తుంది.