అక్షరాలు లెక్కపెట్టిన మార్కోవ్

వేరుశనగ పీకే రోజుల్లో మా నాయన పొద్దున్నే లేచి మొదట చేసే పని ఆకాశం వంక చూడటం. ఒక వాన పడి వెలిస్తే ఆయన పెద్దగా పట్టించుకోడు. ముసురు పట్టిందంటే మాత్రం కూలీలకు కబురు పెట్టి పని ఆపించేస్తాడు. నిన్న ముసురు కాబట్టి ఇవాళా ముసురు, ఇవాళ ముసురు కాబట్టి రేపు కూడా వదలకపోవచ్చునని ఆయన లెక్క. రెండేళ్ళ కిందట ఆ లెక్క తప్పింది. పీకిన చెట్లు చేలో ఉండగానే ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. కాయలు అక్కడే మొలకలెత్తాయి. ఆ ఏడు నా ఫీజు ఎట్లా కట్టాడో ఇక్కడ రాయబుద్ధి కావటం లేదు.

డిగ్రీలో చేరి సంభావ్యత పాఠం మొదటిసారి విన్నప్పుడు అన్నీ నాణేలూ, పాచికలూ, సంచిలోని ఎర్రబంతులూ తెల్లబంతులే. నాణేనికి జ్ఞాపకం ఉండదనీ, పదిసార్లు వరసగా బొమ్మ పడినా పదకొండోసారి బొమ్మ పడే అవకాశం సగమేననీ మా మేష్టారు చెప్పారు. బాగానే ఉంది. కానీ వానకు జ్ఞాపకం ఉంది గదా! క్లాసులో లేచి అడగటానికి జంకి, గంట కొట్టాక వరండాలో అడిగాను. ఆయన నవ్వి, మార్కోవ్ అనే ఆయన గురించి చదువుకోమన్నారు. ఈ సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగితే వెంటనే ఒప్పుకోవటానికి కారణం ఆ చదువే.

ఆంద్రే ఆంద్రేవిచ్ మార్కోవ్ 1856 జూన్ 14న రష్యాలోని ర్యజాన్‌లో జన్మించాడు. తండ్రి అటవీ శాఖలో ఉద్యోగి. తర్వాత ఒక జమీందారిణి ఎస్టేటు వ్యవహారాలు చూసే పనికి కుదిరాడు. కుటుంబం సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది. పిల్లవాడు రోగిష్టి. పదేళ్ళు వచ్చేవరకూ చంకకర్రల మీదే నడిచాడు. బడిలో లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులన్నీ అంతంతమాత్రమే. ఈ సంగతి చదివి నాకు కొంచెం ధైర్యం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. బడి పిల్లవాడిగా ఉండగానే అవకలన సమీకరణాల మీద ఒక వ్యాసం రాసి పెద్ద పెద్ద గణితవేత్తలకు పంపాడు. 1874లో పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆయన గురువు చెబిషెవ్. 1878లో బంగారు పతకంతో పట్టా పుచ్చుకున్నాడు.

ఆయన పెళ్ళి ముచ్చట కూడా చెప్పాలి. తండ్రి ఎవరి ఎస్టేటులో పనిచేశాడో ఆ జమీందారిణి కూతురు మరియాకు మార్కోవ్ లెక్కలు చెప్పేవాడు. ఆ అమ్మాయినే చేసుకుంటానన్నాడు. గుమాస్తా కొడుకుకు పిల్లనెట్లా ఇస్తారు? ఈయనకు సంఘంలో ఒక స్థానం వచ్చేదాకా ఆ తల్లి ఒప్పుకోలేదు. 1883లో పెళ్ళి జరిగింది. 1896 నాటికి ఆయన రష్యా సైన్స్ అకాడమీలో పూర్తి స్థాయి సభ్యుడు. తమ్ముడు వ్లాదిమీర్ కూడా గొప్ప గణితవేత్త కావలసినవాడే. క్షయ వచ్చి 1897లో చిన్న వయసులోనే పోయాడు.

మార్కోవ్ మహా కోపిష్టి. రాజుగారితోనూ, చర్చితోనూ, తోటి పండితులతోనూ ఎవరితో తగవు పడటానికైనా వెనుదీసేవాడు కాదు. 1902లో గోర్కీని అకాడమీ గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంటే జార్ చక్రవర్తి ఆ ఎన్నిక రద్దు చేయించాడు. మార్కోవ్ గట్టిగా నిరసన తెలిపాడు. 1908లో విద్యార్థుల అలజడుల తర్వాత, అధ్యాపకులు తమ విద్యార్థులను కనిపెట్టి ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. సర్కారుకు ఏజెంటుగా ఉండటం తన వల్ల కాదని మార్కోవ్ రాతపూర్వకంగానే తెలియజేశాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. 1905లోనే పదవీ విరమణ చేసి, సంభావ్యత పాఠాలు మాత్రం చెబుతున్నాడు. విద్యార్థి సంఘం వారి సంచికలో ఈ ఒక్క సంగతికైనా ఆయనకు చోటు ఇవ్వాలని నాకనిపించింది. టాల్‌స్టాయ్‌ను వెలివేసిన చర్చి తనను కూడా వెలివేయాలని 1912లో అర్జీ పెట్టుకున్నాడు. 1913లో దేశమంతా రొమనోవ్ వంశం మూడు వందల ఏళ్ళ ఉత్సవాలు జరుపుకుంటుంటే, ఈయన పని కట్టుకుని బెర్నూలీ బృహత్సంఖ్యా నియమానికి రెండు వందల ఏళ్ళు నిండాయని మరో ఉత్సవం జరిపించాడు!

గొలుసు సిద్ధాంతం పుట్టింది కూడా తగవులోనే. మాస్కోలో నెక్రాసోవ్ అనే గణితవేత్త ఉండేవాడు. వేదాంతం చదివి లెక్కల్లోకి వచ్చినవాడు. నాణేన్ని ఎన్ని ఎక్కువసార్లు ఎగరేస్తే సగటు అంతగా స్థిరపడుతుందని చెప్పేదే బృహత్సంఖ్యా నియమం. ఒక ఘటనకు మరొక ఘటనతో సంబంధం లేకపోతేనే ఇది నిజమవుతుందని నెక్రాసోవ్ వాదం. నేరాలకూ పెళ్ళిళ్ళకూ ఏటేటా సగటులు స్థిరంగానే ఉంటున్నాయి, కాబట్టి మనుషుల పనులు ఒకదానికొకటి కట్టుబడి లేవు, కాబట్టి మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉంది అని అక్కడినుంచి తేల్చాడు. గణితాన్ని ఇట్లా వాడుకోవటం మార్కోవ్‌కు ఒళ్ళు మండించింది. ఒకదానిమీద ఒకటి ఆధారపడిన ఘటనలకు కూడా సగటు స్థిరపడగలదని 1906లో రుజువు చేసి చూపించాడు. రేపు ఏమిటన్నది ఇవాళ్టి మీద ఆధారపడుతుంది. ఇవాళ్టి సంగతి తెలిశాక మొన్నటి సంగతి అక్కరలేదు. ఇట్లా లింకుకు లింకు తగులుకున్న వరసనే మనం ఇప్పుడు మార్కోవ్ గొలుసు అంటున్నాం. మా నాయన ముసురు లెక్క ఇదే గదా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రుజువుతో ఊరుకోక ఉదాహరణ కావాలనుకున్నాడు మార్కోవ్. పుష్కిన్ రాసిన యెవ్గేనీ ఒనేగిన్ అనే పద్యకావ్యం తీసుకుని, మొదటి నుంచి 20,000 అక్షరాలు వరసగా రాసుకున్నాడు. పదాల మధ్య ఖాళీలు లేవు, చుక్కలు లేవు, కవిత్వం అసలే లేదు. అడ్డం పది, నిలువు పది గళ్ళ పట్టికలు 200 వేసి, ప్రతి గడిలోనూ ఏది అచ్చు, ఏది హల్లు అని చూశాడు. యంత్రం లేదు, అంతా చేతి లెక్కే. అచ్చులు 8,638, హల్లులు 11,362 వచ్చాయి. అంటే వందకు 43 అచ్చులు. నాణెం లాంటిదే అయితే ఏ అక్షరం తర్వాతనైనా అచ్చు వచ్చే అవకాశం ఈ 43 దగ్గరే ఉండాలి. కానీ అచ్చు తర్వాత మళ్ళీ అచ్చు వచ్చింది వందకు 13 సార్లు మాత్రమే. హల్లు తర్వాత అచ్చు వచ్చింది 66 సార్లు. భాషకు జ్ఞాపకం ఉందన్నమాట! 1913 జనవరిలో ఈ లెక్కను అకాడమీలో చదివాడు. చాలదన్నట్టు తర్వాత అక్సాకోవ్ పుస్తకం ఒకటి తీసుకుని లక్ష అక్షరాలు లెక్కపెట్టాడు. పుష్కిన్ పద్యాలను ఇట్లా గళ్ళల్లో కుక్కడం సాహిత్యం చదివే మా మిత్రులకు ఘోరంగా తోచవచ్చు. నాకు మాత్రం అంత ఓపిక చూస్తే ముచ్చటేసింది.

1917లో ఆయన తనను ఏదైనా చిన్న ఊరికి పంపమని అకాడమీని కోరాడు. జరాయ్‌స్క్ అనే ఊళ్ళో జీతం లేకుండా బడిపిల్లలకు లెక్కలు చెప్పాడు. తిరిగి పెట్రోగ్రాడ్ వచ్చేసరికి చూపు దెబ్బతిని కంటికి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. దేశంలో కరువు. వేసుకోవటానికి చెప్పులు లేక సమావేశాలకు రాలేకపోతున్నానని 1921లో అకాడమీకి తెలియజేశాడు. వాళ్ళు ఒక జత పంపారు. అవి కాళ్ళకు పట్టలేదు. 1922 జూలై 20న కన్నుమూశాడు. అకాడమీ సభ్యుడికి చెప్పులు లేకపోవటం అనే వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఆ గొలుసు ఎక్కడికి పోయిందో ఆయనకు తెలియదు. 1948లో క్లాడ్ షానన్ ఇంగ్లీషు అక్షరాలకూ మాటలకూ ఇదే పద్ధతి వాడాడు. 1960ల చివర అమెరికాలో లెనార్డ్ బామ్, ఆయన సహచరులు కంటికి కనిపించని గొలుసులకు లెక్క కట్టే దారి చూపారు. దీన్నే హిడెన్ మార్కోవ్ మోడల్ అంటారు. పేరు విని భయపడనక్కరలేదు. మా అవ్వ రాత్రిపూట మంచం మీంచి లేవకుండానే కొట్టంలోని ఆవు ఏం చేస్తోందో మెడలో గంట చప్పుడును బట్టి చెప్పేస్తుంది. ఆవు కనిపించదు, గంట వినిపిస్తుంది. ఒకే రకం చప్పుడు గోక్కున్నా రావచ్చు, నడిచినా రావచ్చు. ఇందాక పడుకుని నెమరు వేస్తోందా, లేచి నిలబడిందా అన్నదాన్ని బట్టి అవ్వ తేల్చుకుంటుంది. మాటను గుర్తించే యంత్రం పని కూడా ఇదే. దానికి వినిపించేది చప్పుడు మాత్రమే, మనం అనుకున్న మాట దాగి ఉంటుంది. ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని, ఏ మాట తర్వాత ఏ మాట రావటానికి ఎక్కువ వీలుందో ముందే లెక్కపెట్టి ఉంచుకుని, వాటిలో బాగా పొసగే వరసను ఎంచుకుంటుంది.

1970లలో ఈ పద్ధతిని మాటల గుర్తింపులోకి తెచ్చినవారు ఐబీఎంలో జెలినెక్ బృందమూ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బేకరూ. బేకర్‌కు పరిశోధనలో గురువు రాజ్ రెడ్డి గారు. ఆయన మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీలో ఇంజనీరింగ్ చదివి వెళ్ళినవారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సుమారు 1980ల నుంచి ముప్ఫయ్యేళ్ళ పాటు ఈ రంగాన్ని మార్కోవ్ గొలుసులే ఏలాయి. తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు వచ్చి వాటిని పక్కకు జరిపాయి. అయినా ఏ మాట వెనక ఏ మాట వస్తుందన్న ప్రశ్న పోలేదు.

మా నాయనకు చదువు రాదు. ఇప్పుడు ఆయన ఫోనుతో మాట్లాడే ధరలు కనుక్కుంటున్నాడు. వేరుశనగ అంటే దానికి తెలుస్తుంది. మా వైపు వాడుకలో సెనక్కాయ అంటే మాత్రం ఇంకేదో రాసి చూపిస్తుంది. ఆయన రెండోసారి గట్టిగా అంటాడు, మూడోసారి పుస్తకాల మాట అంటాడు. ఆ మూడోసారి ఆయన గొంతు కొంచెం తగ్గుతుంది. యంత్రం తప్పేమీ లేదు, దానికోసం లెక్కపెట్టినవాళ్ళు మా ఊరి మాట లెక్కపెట్టలేదు, అంతే.

దసరా సెలవుల్లో మా అవ్వను కూర్చోబెట్టి ఆవుల సంగతులు చెప్పించుకుని, మాట పోకుండా రాసుకొచ్చాను. గళ్ళ నోటుబుక్కు కొన్నాను. మన గుణింతంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి కాబట్టి ముందు విడదీసుకోవాలి. పైగా అచ్చు పక్కన అచ్చు వస్తే సంధి చేసి కలిపేసే భాష మనది, అంచేత నా గళ్ళు మార్కోవ్ గళ్ళలాగా నిండేటట్టు లేవు. 20,000 నా లక్ష్యం. హాస్టల్లో కరెంటు పోయిన రాత్రులు తీసేస్తే ఇప్పటికి 1,100 అయ్యాయి.