పాలేరు పిల్లవాడు – పన్నెండు దేశాల ఒడంబడిక
(ఎర్నెస్ట్ బెవిన్ జీవితం)

అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు దగ్గర పెన్ను ఆగిపోయే పిల్లలు మన హాస్టళ్ళలో ప్రతి ఏడాదీ ఉంటారు. అలాంటి ఒక పిల్లవాడి కథను ఈ వార్షికోత్సవ సంచికలో మిత్రులందరితో పంచుకోవాలనుకున్నాం. ఆయన మన దేశం వాడు కాదు, మన భాష వాడూ కాదు. పదకొండేళ్ళకే బడి మానేసిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక బ్రిటన్ విదేశాంగ మంత్రి అయ్యాడు. నేడు 32 దేశాలు సభ్యులుగా ఉన్న నాటో కూటమికి పునాది వేసినవారిలో ముఖ్యుడయ్యాడు. ఆయనే ఎర్నెస్ట్ బెవిన్.

పోటీ పరీక్షల కోసం మనం నాటో గురించి రెండు ముక్కలు బట్టీ పడతాం: ఏర్పడింది 1949, ప్రధాన కార్యాలయం బ్రస్సెల్స్. అంతటితో సరిపెట్టుకుంటాం. కానీ వేరు వేరు దేశాలు ఒకదాని రక్షణకు మరొకటి ఎందుకు పూచీ పడతాయి? ఆ మాట మీద నమ్మకం ఎలా కలుగుతుంది? బెవిన్ జీవితం చదివితే ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

బాల్యం

1881 మార్చిలో ఇంగ్లండ్ నైరుతి భాగాన, సోమర్సెట్ ప్రాంతంలోని విన్స్‌ఫర్డ్ అనే చిన్న పల్లెలో ఎర్నెస్ట్ పుట్టాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. తండ్రి ఎవరో తెలియదు. జనన పత్రంలో ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. తల్లి ఇళ్ళలో పనులు చేసి పిల్లల్ని సాకింది. ఎర్నెస్ట్‌కు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆమె కూడా కన్నుమూసింది. పెళ్ళయిన అక్క మేరీ ఆ పిల్లవాణ్ణి చేరదీసింది.

పదకొండో ఏట చదువు ఆగిపోయింది. ఒక రైతు దగ్గర పాలేరుగా కుదిరాడు. జీతం వారానికి ఆరు పెన్నీలు. అదీ వారం వారం చేతికి రాదు, మూడు నెలలకోసారి ఇచ్చేవారు. రాత్రిపూట రైతు కుటుంబానికి వార్తాపత్రిక చదివి వినిపించేవాడు. అలా చదువుతూ చదువుతూ లోకం సంగతులు నేర్చుకున్నాడు.

తర్వాత పొట్ట చేతబట్టుకుని బ్రిస్టల్ నగరానికి చేరాడు. హోటల్లో, బేకరీలో పనిచేశాడు. కొన్నాళ్ళు ట్రాము కండక్టరు. చివరికి గుర్రపు బండి మీద నీళ్ళ సీసాలు దుకాణాలకు చేరవేసే పనిలో స్థిరపడ్డాడు. చర్చి నడిపే తరగతుల్లో, చర్చా సమావేశాల్లో కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నాడు.

సంఘంలో నేర్చిన పాఠం

1910లో బ్రిస్టల్ దగ్గరి అవన్‌మౌత్ రేవులో కూలీలు సమ్మె చేశారు. బండ్లు తోలేవాళ్ళకు అప్పటికి సంఘం లేదు. యజమానులు వాళ్ళ చేత సరుకు దింపించి సమ్మెను దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఒక పేదవాడి కడుపు కొట్టడానికి మరో పేదవాణ్ణి వాడుకోవడం కొత్తేమీ కాదు కదా! బెవిన్ బండివాళ్ళందరినీ కూడగట్టి రేవు కార్మికుల సంఘంలోనే ఒక శాఖగా చేర్చారు. రేవు కూలీకి కష్టం వస్తే బండివాడు, బండివాడికి కష్టం వస్తే రేవు కూలీ నిలబడాలన్నది అక్కడి నియమం. ఒంటరిగా ఉన్నవాడి మీదే దెబ్బ పడుతుందని ఆయన అప్పుడే గ్రహించారు.

1920లో రేవు కార్మికుల కూలి మీద విచారణ జరిగింది. ఒక కుటుంబం ఇంత తక్కువ డబ్బుతో బతకగలదని యజమానుల పక్షాన ఒక ఆచార్యుడు లెక్కలు కట్టి చూపాడు. బెవిన్ తన సెక్రటరీతో కలిసి బజారుకు వెళ్ళి, ఆ లెక్క ప్రకారమే సరుకులు కొని వండించారు. ఆ కొద్దిపాటి తిండిని కంచాల్లో పెట్టి విచారణ సభ ముందు ఉంచారు. రోజంతా బరువులు మోసే మనిషి ఇది తిని బతుకుతాడా అన్నది ఆయన ప్రశ్న. మెస్ చార్జీల కోసం రోడ్డెక్కిన ప్రతి బ్యాచ్‌కూ ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు. కార్మికులకు రోజుకు పదహారు షిల్లింగుల కూలి సాధించారు. బారిస్టరు చదువు చదవని ఆయనను జనం రేవు కూలీల బారిస్టరుగా పిలుచుకున్నారు.

1922లో పద్నాలుగు సంఘాలను కలిపి రవాణా, సాధారణ కార్మికుల సంఘాన్ని ఏర్పాటు చేశారు. 1940 వరకు ఆయనే దాని ప్రధాన కార్యదర్శి. ఆ సంఘం నిర్మాణంలో ఒక మెలకువ ఉంది. ఏ వృత్తివారి విభాగం వారిదే, వారి వ్యవహారాలు వారివే. కానీ నిధి ఉమ్మడిది, బలం ఉమ్మడిది. చందా కట్టనివాడు సభ్యుడు కాడు. కష్టం వచ్చినప్పుడు ఆదుకోకపోతే అది సంఘమే కాదు.

యుద్ధకాలం

1933 మేలో హిట్లర్ ప్రభుత్వం జర్మనీలోని కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించి, నాయకులను జైళ్ళలో పెట్టింది. నియంతలతో సర్దుబాటు కుదరదని బెవిన్‌కు నమ్మకం కుదిరింది. 1935లో లేబర్ పార్టీ మహాసభలో, ఆయుధాలే వద్దన్న వృద్ధ నాయకుడు జార్జ్ లాన్స్‌బరీని ఆయన కటువుగా విమర్శించారు. లాన్స్‌బరీ నాయకత్వం వదులుకోవలసి వచ్చింది. ఆ కటుత్వాన్ని చాలామంది క్షమించలేదు.

1940 మేలో చర్చిల్ ప్రధాని అయ్యాక, అప్పటికి పార్లమెంటు సభ్యుడైనా కాని బెవిన్‌ను కార్మిక మంత్రిగా తీసుకున్నారు. దేశంలోని మనుషులను ఏ పనికైనా పంపగల అధికారం ఆయన చేతికి వచ్చింది. ఆ అధికారంతోనే ఫ్యాక్టరీల్లో భోజనశాలలు పెట్టించారు. రేవు కూలీలకు ఖాయమైన ఆదాయం ఏర్పాటు చేశారు. 1943 చివరి నుంచి సైన్యానికి పిలిచిన యువకుల్లో కొందరిని లాటరీ తీసి బొగ్గు గనులకు పంపారు. వాళ్ళను బెవిన్ బాయిస్ అన్నారు.

ఇక్కడ మన దేశంతో ఒక సంబంధం ఉంది. 1941 నుంచి భారతీయ యువ కార్మికులను బ్రిటన్ ఫ్యాక్టరీల్లో శిక్షణకు పంపే పథకం ఆయన పేరు మీదే నడిచింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యులు మన డాక్టర్ అంబేడ్కర్. అక్కడ పాలేరుగా పెరిగినవాడు, ఇక్కడ అంటరానివాడని బడిలో దూరంగా కూర్చోబెట్టబడినవాడు ఒకే కాలంలో రెండు దేశాల కార్మిక శాఖలను చూడడం మనం గుర్తుపెట్టుకోవలసిన విషయం.

ఐదు దేశాల నుంచి పన్నెండు దేశాలకు

1945 జూలైలో అట్లీ ప్రభుత్వంలో బెవిన్ విదేశాంగ మంత్రి అయ్యారు. యుద్ధం గెలిచినా బ్రిటన్ ఖజానా ఖాళీ. యుద్ధంలో కూడా లేని రొట్టె రేషన్ 1946లో పెట్టవలసి వచ్చింది. గ్రీస్, టర్కీలకు ఇక సాయం చేయలేమని 1947 ఫిబ్రవరిలో బ్రిటన్ అమెరికాకు తెలియజేసింది. మరోవైపు తూర్పు యూరప్ దేశాలు ఒక్కొక్కటిగా సోవియట్ అదుపులోకి పోతున్నాయి.

బెవిన్ ఒక్కో మెట్టు కట్టుకుంటూ వచ్చారు. 1947 మార్చిలో డన్‌కర్క్‌లో ఫ్రాన్స్‌తో ఒప్పందం. అదే ఏడాది జూన్‌లో అమెరికా మంత్రి మార్షల్ యూరప్‌కు ఆర్థిక సాయం గురించి ప్రసంగించగానే, ఆలస్యం చేయకుండా యూరప్ దేశాలను కూడగట్టారు. ఆకలి తీరకుండా రక్షణ నిలవదన్నది ఆయనకు బాల్యం నేర్పిన పాఠం. 1948 ఫిబ్రవరిలో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. మార్చి 17న బ్రస్సెల్స్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ సంతకాలు చేశాయి. ఆ ఐదింటిలో ఎవరి మీద దాడి జరిగినా మిగతావారు ఆదుకోవాలి.

1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు దారులు మూసేశాయి. ఇరవై లక్షల పైచిలుకు జనానికి తిండి, బొగ్గు ఆగిపోయే పరిస్థితి. యుద్ధానికి దిగకుండా, నగరాన్ని వదిలిపెట్టకుండా విమానాలతో సరుకులు చేరవేయాలని బెవిన్ గట్టిగా పట్టుబట్టారు. అమెరికా, బ్రిటన్ విమానాలు కలిసి దాదాపు 23 లక్షల టన్నుల సరుకు మోశాయి. 1949 మే 12న దారులు తెరుచుకున్నాయి.

ఈలోగా 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో పన్నెండు దేశాలు ఉత్తర అట్లాంటిక్ ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. దాని ఐదో అధికరణం ప్రకారం ఒక సభ్యదేశం మీద సాయుధ దాడి అంటే అందరి మీద దాడే. అయితే ఏ సాయం అవసరమో ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. ఎవరి వ్యవహారం వారిదే, బలం మాత్రం ఉమ్మడి. ఇది చదివినప్పుడు మాకు ఆయన కట్టిన కార్మిక సంఘమే గుర్తుకొచ్చింది.

మరో వైపు

గొప్పవారి కథలో మచ్చలు దాచకూడదని మన అభిప్రాయం. పాలస్తీనా సమస్యను బెవిన్ పరిష్కరించలేకపోయారు. బ్రిటన్ దాన్ని ఐక్యరాజ్యసమితికి అప్పగించి 1948లో తప్పుకుంది. అక్కడి మంట ఇప్పటికీ ఆరలేదు. అణుబాంబు తయారు చేయాలని 1947 జనవరిలో కొద్దిమంది మంత్రులు గుట్టుగా తీసుకున్న నిర్ణయంలో ఆయన పాత్ర పెద్దది. స్వేచ్ఛ పేరుతో కట్టిన కూటమిలో నియంత సలాజార్ ఏలే పోర్చుగల్‌ను కూడా చేర్చుకున్నారు. గోవా అప్పుడు పోర్చుగల్ చేతిలోనే ఉంది. ఒడంబడిక యూరప్, ఉత్తర అమెరికా ప్రాంతాలకే పరిమితం కాబట్టి 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాను విడిపించినప్పుడు నాటో జోక్యం చేసుకోలేదు.

నెహ్రూ ఏ సైనిక కూటమిలోనూ చేరలేదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం మరొకరి యుద్ధాల్లోకి ఈడ్వబడకూడదన్నది ఆయన ఆలోచన. అయినా ఇద్దరికీ మాటలు తెగలేదు. 1950 జనవరిలో కొలంబోలో జరిగిన కామన్వెల్త్ సమావేశానికి, గుండె జబ్బుతో మెట్లు ఎక్కలేని స్థితిలో ఉండి కూడా బెవిన్ వచ్చారు. నెహ్రూ కూడా హాజరయ్యారు. ఆసియా దేశాల అభివృద్ధికి సాయపడే కొలంబో పథకం అక్కడే మొదలైంది.

ముప్పులు మారినా

1951 మార్చిలో ఆరోగ్యం సహకరించక విదేశాంగ శాఖ వదులుకున్నారు. ఏప్రిల్ 14న, అంటే మనం అంబేడ్కర్ జయంతి జరుపుకునే రోజునే కన్నుమూశారు. ఆయన అస్థికలు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉన్నాయి.

ఆయన ఊహించిన ముప్పు సోవియట్ ట్యాంకులు. సోవియట్ కూటమి 1955లో వార్సా ఒప్పందంగా ఏర్పడి 1991లో రద్దయింది. ఐదో అధికరణాన్ని మాత్రం ఇప్పటివరకు ఒకే ఒక్కసారి వాడారు, అదీ 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద ఉగ్రవాద దాడి తర్వాత. పెద్దన్న చిన్నవాళ్ళను కాపాడతాడని కట్టిన కూటమిలో చిన్నవాళ్ళే పెద్దన్నకు అండగా నిలవవలసి వచ్చింది. 2007లో ఎస్టోనియా బ్యాంకులు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద సైబర్ దాడి జరిగితే, మరుసటి ఏడాది ఆ దేశ రాజధాని టాలిన్‌లోనే సైబర్ రక్షణ కేంద్రం వెలిసింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తాక ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో చేరాయి.

చందా తగాదా కూడా తప్పలేదు. ఎవరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు, ఎవరు ఊరికే నీడన కూర్చున్నారు అని సభ్యదేశాలు వాదించుకుంటూనే ఉన్నాయి. 2035 నాటికి రక్షణకు, దానికి సంబంధించిన అవసరాలకు జాతీయోత్పత్తిలో 5 శాతం కేటాయించాలని 2025 జూన్‌లో హేగ్ సమావేశంలో అనుకున్నారు. ఆ డబ్బు బడులకు, ఆసుపత్రులకు తగ్గించి తెస్తారా అన్న ప్రశ్న ఆ దేశాల్లోని పేదలది. కంచాలు పట్టుకుని విచారణ సభకు వెళ్ళిన బెవిన్ ఉంటే ఆ ప్రశ్నను తోసిపుచ్చేవారు కాదని మేము అనుకుంటున్నాం.

మిత్రులారా! కూటములు మంచివా చెడ్డవా అన్నది మనం చర్చించుకోవచ్చు, మన గదుల్లో రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకోవచ్చు. కానీ బెవిన్ జీవితం నుంచి ఒక్కటి మాత్రం తీసుకుందాం. పొత్తు అంటే ఒకరి నీడలో ఒకరు తలదాచుకోవడం కాదు. తన వంతు చందా కట్టి, అవతలివాడి మీద దెబ్బ పడినప్పుడు లేచి నిలబడడం. ఏ దేశానికైనా, ఏ సంఘానికైనా, మన పూర్వ విద్యార్థుల సంఘానికైనా బలం అక్కడి నుంచే వస్తుంది.