శవయాత్రకే కాదు ఆ గొంతు

పొద్దున్నే మైకులో ఘంటసాల భగవద్గీత వినపడిందంటే మన ఊళ్ళల్లో పాలు పితికేవోళ్ళు కూడా ఓ నిమిషం ఆగుతారు. ఎవరు పోయారా అని. ఇప్పటి కుర్రోళ్ళకి ఆ గొంతంటే అంతే, చావు కబురు. పెళ్ళికీ, వినాయక నిమజ్జనానికీ డీజే బాక్సులు. వైకుంఠ రథానికి ఘంటసాల. ఆయన బతికున్న రోజుల్లో సంగతి దీనికి పూర్తి తలకిందులు. ఇవాళ డీజే చేసే పనంతా అప్పుడు చేసింది ఆ గొంతే.

ఆయనెవరో కాదు, మన కృష్ణా జిల్లావోడే. గుడివాడ పక్కన చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టాడు. ఎన్టీఆర్ ఊరు నిమ్మకూరు, ఏఎన్నార్ ఊరు రామాపురం కూడా ఆ చుట్టుపక్కలవే. తెర మీద వాళ్ళిద్దరూ నోరు కదిపితే వెనక పాడింది ఈయన. గుడివాడ చుట్టూ ఉన్న నాలుగు పల్లెలు తెలుగు సినిమాని ఇంత కాలం మోశాయంటే ఆశ్చర్యంగానే ఉంటది.

నాన్న సూరయ్య తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. చిన్నపిల్లోడైన వెంకటేశ్వర్రావు ఆ తరంగాలకి చిందులేసేవాడు. నాన్న తొందరగానే పోయాడు. మేనమామ పెంచాడు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదల మాత్రం పోలేదు. చేతి ఉంగరం అమ్ముకుని ఒంటరిగా విజయనగరం వెళ్ళాడు. తీరా వెళ్తే కాలేజీకి వేసవి సెలవులు. అక్కడ కొన్నాళ్ళు తల దాచుకోనిచ్చారు గానీ అదీ నిలవలేదు. చివరికి పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో పెట్టుకుని పాఠం చెప్పారు. పాఠానికి డబ్బు తీసుకోలేదు. ఆయనా ఉన్నోడు కాదు కాబట్టి తిండికి ఈ కుర్రోడు జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

ఇక్కడో మాట చెప్పాల. బ్రాహ్మణ పిల్లోడు కాబట్టి ఆ జోలెకి మాధుకరం అని పేరుంది, పెట్టే చెయ్యి కూడా ఉంది. అదే కోరికతో మన పల్లెల్లోంచి వేరే కులం పిల్లోడు వెళ్ళుంటే ఏ అరుగు మీద కూర్చోనిచ్చేవాళ్ళో మీరే ఆలోచించండి. ఆయన పడ్డ కష్టం అబద్ధం కాదు. ఆ కష్టపడే అవకాశం కూడా అందరికీ లేని రోజులవి. రెండూ నిజాలే.

చదువై ఊరొచ్చాక పెళ్ళిళ్ళల్లో, ఉత్సవాల్లో పాడుకుంటూ, పాఠాలు చెప్పుకుంటూ ఉన్నాడు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది. దూకాడు. బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో పద్దెనిమిది నెలలు ఉన్నాడు. బయటికొచ్చాక 1944 మార్చిలో సావిత్రమ్మతో పెళ్ళయింది. ఆ సాయంత్రం పెళ్ళికొడుకే కచేరీ చేశాడు! పెళ్ళిలో డీజే ఖర్చు మిగిలిందన్నమాట.

అత్తగారి ఊరు పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్ళాడు. సముద్రాల గారి ఇల్లు చిన్నది, వాళ్ళకి బరువు కాకూడదని పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకింతని ఇచ్చి రాత్రుళ్ళు అక్కడే పడుకున్నాడు. పగలంతా అవకాశాల కోసం కాళ్ళరగదీసుకోవటం. రేడియోలో పాడాడు, సినిమాల్లో గుంపులో ఒకడిగా పాడాడు.

ఇక రికార్డు కంపెనీ సంగతి. అప్పుడు తెలుగోడి గొంతు పల్లెకి చేరాలంటే ఉన్న పెద్ద దారి హెచ్.ఎం.వి. కంపెనీ. వాళ్ళు మొదట ఈ గొంతు రికార్డింగుకి పనికిరాదని తిప్పి పంపారు. తర్వాత అదే కంపెనీలో పనిచేసే పేకేటి శివరాం పూనుకుంటే ఆయన పాట రికార్డయింది. ఇవాళ మీరు ఫోన్లో పాడి రాత్రికి రాత్రి నెట్‌లో పెట్టేస్తారు, ఎవుడి పర్మిషనూ అక్కర్లేదు. అప్పుడు గదిలో కూర్చున్న ఒక్క మనిషి కాదంటే అంతే సంగతులు.

రికార్డంటే నల్లటి పళ్ళెం. నిమిషానికి 78 చుట్లు తిరుగుద్ది. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పాట. కింద పడితే పగిలిపోద్ది. దాన్ని గ్రామఫోను మీద పెట్టి, ముల్లు మార్చి, చెట్టుకి కట్టిన హారన్లలో ఊరంతా వినిపించినోడు మైకుసెట్టు కుర్రోడు. మన డెల్టాకి మొదటి డీజే వాడే. సినిమా పాటలు కాకుండా విడిగా పాడినవాటిని ప్రైవేటు పాటలనేవాళ్ళు. ఆ దారిలో ఘంటసాల చేసింది చాలా ఉంది. గుంటూరు జిల్లా కవి కరుణశ్రీ పద్యాలు, పుష్పవిలాపం, కుంతీకుమారి, బళ్ళో చదవనోళ్ళకి కూడా నోటికొచ్చినియ్యంటే ఆ రికార్డుల పుణ్యమే. పద్యమంటే నాటకాల్లో గంటసేపు రాగం తియ్యటం అనుకునే రోజుల్లో ఈయన రాగం తగ్గించి మాట తెలిసేటట్టు పాడాడు. నన్నడిగితే ఆయన చేసిన పెద్ద పని అదే. వెంకటేశ్వరస్వామి మీద ఆయన పాడిన ప్రైవేటు పాటొకటి టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందు వేసేవాళ్ళు. అది వినపడగానే జనం గబగబా డేరా వైపు నడిచేవాళ్ళు.

సినిమాల్లో గాయకుడిగా, సంగీత దర్శకుడిగా ఆయనేం చేశాడో మీకు కొంతైనా తెలుసు. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. దేవదాసు పాటలు పాడింది ఈయనే గానీ సంగీతం సుబ్బురామన్‌ది.

తెలియని సంగతి ఇంకోటుంది. పేరూ డబ్బూ వచ్చాక ఆయన సొంతంగా సినిమాలు తీశాడు. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్. డబ్బులు రాలేదు, చేతులు కాలాయి. పాడుకుంటూ కూర్చుంటే హాయిగా గడిచే మనిషి మూడుసార్లు దిగాడంటే ఊరికే దిగుంటాడా? ఒకళ్ళ చేతి కింద కాకుండా తన పని తానే చేసుకోవాలనుకునే ప్రతి కళాకారుడికీ ఉండే దురదే అది. నష్టం వచ్చాక మళ్ళీ మైకు ముందుకొచ్చి, పాటకింతని పాడుకున్నాడు.

గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారే చాలా ఏళ్ళు ఆయనకి సహాయకుడిగా హార్మోనియం పట్టారు. జోలె పట్టినప్పుడు అన్నం పెట్టిన ఊరినీ, పాఠం చెప్పిన ఇంటినీ ఆయన మర్చిపోలేదు.

1970లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో యూరప్, అమెరికా తిరిగి కచేరీలు చేశాడు. అప్పటికే చక్కెర జబ్బు, గుండె జబ్బు. ఆ ఒంటితోనే భగవద్గీత పాడాడు. శ్లోకం పాడి, దాని కింద తెలుగులో అర్థం మామూలు మాటల్లో చెప్పాడు, పద్యాలకి చేసినట్టే. గీత చచ్చినోళ్ళకి చెప్పింది కాదు. యుద్ధం ముందు కాళ్ళూ చేతులూ ఆడక కూలబడ్డ కుర్రోడికి చెప్పింది. దాన్ని శవయాత్రకి కట్టేసింది మనమే.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయాడు. యాభై ఒక్క ఏళ్ళు.

విజయవాడ దుర్గాపురంలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకి ఆయన పేరే పెట్టారు. గుడివాడలో పొద్దున బస్సెక్కితే పాఠం టైముకి దిగొచ్చు. చౌటపల్లి నుంచైనా అంతే.