హిమశిఖర విజేత టెన్సింగ్

పర్వతం ఎంత ఉన్నతమైనదైనా మానవుని పట్టుదల ముందు తలవంచక తప్పదు. హిమాలయం పెట్టిన పరీక్షలో ఆరుసార్లు వెనుదిరిగి, ఏడవసారి విజయం సాధించిన ధీరుడు టెన్సింగ్ నార్గే.

1914లో ఒక నిరుపేద షెర్పా కుటుంబంలో జన్మించిన టెన్సింగ్ బాల్యం నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో, జడలబర్రెలను మేపడంలో గడిచింది. బడిలో చదువుకునే భాగ్యం ఆయనకు కలగలేదు. యుక్తవయస్సులో డార్జిలింగ్ చేరి, 1935లో బ్రిటిష్ వారి ఎవరెస్టు యాత్రలో బరువులు మోసే కూలీగా ప్రవేశించాడు. తోటివారు జీవనోపాధికై కొండ ఎక్కుతుండగా, శిఖరాన్ని చేరాలనే తపన ఆయనను నిలువనీయలేదు.

1952 వసంతంలో స్విట్జర్లాండ్ బృందంతో వెళ్లి, రేమండ్ లాంబర్ట్‌తో కలిసి సుమారు 8,595 మీటర్ల ఎత్తుకు చేరుకున్నాడు. శిఖరాగ్రం ఇంకా 250 మీటర్ల ఎత్తున ఉంది. ప్రాణవాయువు పరికరాలు సరిగా పనిచేయలేదు. ముందుకు సాగితే ప్రాణాలు దక్కవని గ్రహించి ఇద్దరూ వెనుదిరిగారు. సాహసానికి వివేకం తోడు కావాలని ఆయనకు తెలుసు.

మరుసటి సంవత్సరం జాన్ హంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందంలో టెన్సింగ్ సభ్యుడయ్యాడు. ఎవరెస్టు దారిలో ఖుంబూ హిమపాతం అనే భయంకర ప్రదేశం ఉంది. ఏటవాలు నేలపై జారే హిమానీనదం ముక్కలై, గడ్డకట్టిన మహాజలపాతంలా కనిపిస్తుంది. అది నిరంతరం కదులుతూనే ఉంటుంది. నిన్న ఉన్న దారి నేడు ఉండదు. మంచుగొడ్డలితో మెట్లు చెక్కుకొంటూ, అగాధాలను దాటుకొంటూ వెళ్లాలి.

1953 ఏప్రిల్ 26న టెన్సింగ్, ఎడ్మండ్ హిల్లరీ ఒకే త్రాటికి కట్టుకొని ఆ హిమపాతం గుండా దిగుతున్నారు. హిల్లరీ ఒక పగులును దాటడానికి దూకగా, అంచున ఉన్న మంచు విరిగి ఆయన లోపలికి జారిపోయాడు. టెన్సింగ్ క్షణమైనా ఆలస్యం చేయక గొడ్డలిని మంచులో దిగగొట్టి, త్రాటిని దానికి చుట్టి బిగించాడు. ఆ సమయస్ఫూర్తి హిల్లరీ ప్రాణాలను నిలిపింది. నాటి నుండి వారిరువురికీ పరస్పర విశ్వాసం దృఢపడింది.

మే 29న ఉదయం 11:30 గంటలకు ఆ ఇద్దరూ ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. లాంబర్ట్ ఇచ్చిన ఎర్రని కంఠవస్త్రాన్ని టెన్సింగ్ ఆనాడు ధరించాడు. కుమార్తె ఇచ్చిన పెన్సిల్‌ను, కొన్ని మిఠాయిలను అక్కడి మంచులో భక్తితో ఉంచాడు.

శిఖరంపై మొదట అడుగిడినది ఎవరన్న వివాదం క్రిందికి దిగగానే చెలరేగింది. ఆ గౌరవం టెన్సింగ్‌కే దక్కాలని అభిమానులు ఆశించారు. కాని 1955లో వెలువడిన ఆత్మకథలో, హిల్లరీయే తనకన్న కొన్ని అడుగులు ముందున్నాడని ఆయన నిస్సంకోచంగా తెలియజేశాడు. కీర్తికన్న సత్యమే మిన్న అని చాటిన ఆ క్షణంలో ఆయన ఎవరెస్టుకన్న ఉన్నతంగా నిలిచాడు.

1954లో డార్జిలింగ్‌లో వెలసిన హిమాలయ పర్వతారోహణ సంస్థలో క్షేత్రశిక్షణకు తొలి సంచాలకుడై, ఎందరో యువకులకు మంచుపై నడిచే విద్యను నేర్పాడు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1986 మే 9న ఆయన డార్జిలింగ్‌లో కన్నుమూశాడు. బరువులు మోసిన భుజాలతోనే ప్రపంచపు శిఖరాన్ని అందుకొన్న టెన్సింగ్ జీవితం యువతకు నిత్యస్ఫూర్తి.